సభలో పలుకని నాయిక

కావ్యమందుగాని నాటకమందుగాని చలనచిత్రమందుగాని యొక స్త్రీ బలవతి యని చెప్పుటకు గుర్తేమి? ఈ ప్రశ్నకు నేటి ప్రేక్షకులలో పెక్కుమంది తడుముకొనక యిచ్చు నుత్తర మొకటి కలదు. ఆమె తిరుగబడి కొట్టినయెడల బలవతి. కత్తి పట్టినయెడల మరింత బలవతి. తనకు ద్రోహము చేసినవానిని తన చేతితోనే శిక్షించినయెడల బలవతులలో నగ్రగణ్య. ఈ కొలత సరియైనదేనా యని నిలిచి విచారించువారు తక్కువ. విచారింపవలసిన యవసరము కలదని నా యభిప్రాయము. అందులకై 2004వ సంవత్సరము జనవరిలో విడుదలయైన "ఏక్ హసీనా థీ" యను హిందీ చిత్రమును చేకొనుచున్నాను. ప్రేమయు నేరమును పెనవేసికొనిన కథ యది. దానికి నాయిక కలదు గాని నాయకుడు లేడు. చిత్రము సామాన్యమైనదైనచో దానిపై నిన్ని పుటలు వెచ్చించుట వృథా. కాని యది నేర్పుతో తీసిన చిత్రము. నేర్పరి పొరపడినచోట మనము గ్రహింపదగినది ఎక్కువ.

హిందీ చిత్రముతో మంథనివారికేమి పని యని కొందరడుగవచ్చును. నిజాము పాలనలో బడులలోను కచ్చేరీలలోను ఉర్దూ యేలినందున కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములవారి చెవికి ఆ భాష పరాయిది కాలేదు. వకీలు, గవాహి, జామీను, ఫైసలా మున్నగు మాటలు హిందీ చిత్రములలోని న్యాయస్థానములందు వినబడునపుడు మనవారికి అర్థము చెప్పువారక్కరలేదు. అవి మన తాతలు తాలూకా కచ్చేరీల మెట్లపై నేర్చుకొనిన మాటలు. ఇక నీ చిత్రమునకును తెలుగువారికిని వేఱొక బంధుత్వము గూడ కలదు. 1989లో "శివ"తో తెలుగు చిత్రరంగమున ప్రవేశించిన రామగోపాలవర్మ దీని నిర్మాత. దర్శకుడు శ్రీరామ్ రాఘవన్. వెండితెరకు అతడు తీసిన మొదటి చిత్రమిదియే. నాయిక ఊర్మిళా మాతోండ్కర్.

ఈ నటీమణి తెలుగువారికి క్రొత్త కాదు. 1992లో వర్మ తీసిన "అంతం"లో నామె నాగార్జున సరసన నటించెను. ఆ చిత్రమే "ద్రోహీ" యను పేర హిందీలోను వచ్చెను. అందు నాయకుడు కిరాయి హంతకుడు. నాయిక పక్షులయందు మక్కువగల యువతి. ఆమెను ప్రేమించుటచే అతని మనస్సులో పుట్టిన అలజడియే కథకు జీవము. అనగా నేరమతనిది, అలజడి యతనిది, కథ యతనిది. ఆమె యతని కథలోనికి వచ్చి వెలుగు చూపు దీపము వంటిది. ప్రేమయు నేరమును కలిసిన మన కథలలో స్త్రీకి చిరకాలముగా నిచ్చుచున్న పీట యిదియే. పండ్రెండేండ్ల పిదప అదే నిర్మాత అదే నటిని తీసికొని పీటలు మార్చెను. ఇందు కథ యామెది. ప్రియుడే యామె జీవితములోనికి వచ్చును; వచ్చి చీకటి చేయును. ఈ మార్పు చిన్నది కాదు. దీనిని మెచ్చుకొనక విమర్శ మొదలిడుట న్యాయము కాదు.

కథ సంగ్రహముగా నిది. సారిక బొంబాయిలో ప్రయాణపు టిక్కెట్ల కార్యాలయమున నుద్యోగము చేసికొనుచు ఒంటరిగా నివసించు యువతి. ఆ కార్యాలయమునకే వచ్చిన కరణ్ అను ధనికుడు ఆమెతో పరిచయము పెంచుకొని, క్రమముగా నామె హృదయమును గెలుచుకొనును. ఒకనాడు తన స్నేహితుడొకనికి రాత్రి ఆశ్రయమిమ్మని కోరును. ఆమె యిచ్చును. ఆ వచ్చినవాడు నేరగాడు. వాడు చంపబడినాడని తెలియువేళకు వాని పెట్టె యామె యింటనే యుండును, అందు నాయుధములుండును. పెట్టెను వదిలించుకొనబోయి యామె పోలీసులకు చిక్కును. కరణ్ పంపిన వకీలు వచ్చి, నేరము నొప్పుకొనినచో శిక్ష తేలికయగునని నమ్మబలుకును. ఆమె యొప్పుకొనును. ఏడేండ్ల కారాగారవాసము విధింపబడును. ఆ ప్రేమ, ఆ పరిచయము, ఆ వకీలు అన్నియు ఒకే వలలోని ముళ్లని యామె చెరసాలలో గ్రహించును. పిదప తప్పించుకొని బయటపడి, కరణ్‌పై అతని ముఠావారికే యనుమానము పుట్టించి, కడకు నొక గుహలో గొలుసులతో బంధించి ఎలుకలపాలు చేయును.

ఇందలి పూర్వార్ధము హిందీ చిత్రములలో నరుదైన రచన. సామాన్యముగా నిట్టి కథలలో ప్రేమ యొకవైపు, నేరమొకవైపు నుండును. ప్రేమ నేరమునకు అడ్డు వచ్చుటయో, నేరము ప్రేమకు అడ్డు వచ్చుటయో కథ యగును. ఇచ్చట ప్రేమయే నేరమునకు పనిముట్టు. కరణ్ ఆమెకు చేసిన ప్రతి యుపచారమును, పలికిన ప్రతి తీయనిమాటయు తరువాత మరల తలచుకొనినచో వేఱు రంగున కనబడును. చూచువాడు గూడ నామెతోపాటే మోసపోవును. సైఫ్ అలీ ఖాన్ ఈ పాత్రను క్రూరముఖముతో నటింపలేదు, నవ్వుముఖముతో నటించెను. పెండ్లిచూపులలో పెద్దలు మెచ్చుకొనునట్టి వాడు, చక్కని మాటకారి, చేతిలో డబ్బు గలవాడు, అట్టివాడే యితడు. దుర్మార్గుడు ఎఱ్ఱని కన్నులతో గుబురుమీసముతో వచ్చునని మన చిత్రములు ఏండ్లతరబడి నేర్పిన పాఠమును ఈ చిత్రము తుడిచివేసినది. ఊర్మిళ నటనమును అట్లే కొనియాడదగినది. మొదట సంశయించు చూపు, తరువాత నమ్మకముతో కూడిన తేలికదనము, వలలో చిక్కిన పిదప కలిగిన నిశ్చేష్టత, ఈ మూడింటిని అతిశయోక్తి లేకుండ చూపినది. పోలీసు అధికారిణి మాల్తీ వైద్యగా సీమా బిశ్వాస్ కఠినముగా నుండియు క్రూరురాలు గాక తన పనిని తాను చేసికొనిపోవును.

ఇంతవరకు మెచ్చుకోలు. ఇక నా యభ్యంతరమునకు మూలమైన ఘట్టమునకు వత్తును. అది గుహ కాదు, చెరసాల కాదు, న్యాయస్థానము. సారిక జీవితమంతయు తలక్రిందులైనది అచ్చటనే. ఆమెకు నిజము తెలియును: పెట్టె తనది కాదు, వచ్చినవాడు తనవాడు కాదు, అతనిని పంపినది యెవరో తాను చెప్పగలదు. చెప్పినచో విచారణ వేఱుదారి పట్టియుండును. కాని చెప్పదు. ప్రియుని పేరు బయటికి రాకుండ కాపాడవలెనను మమత యొకవైపు, వకీలు మాట తప్పక నిజమైయుండునను నమ్మకమొకవైపు నామె నోరు కట్టివేయును. ఈ మౌనమే కథకు కీలు. దర్శకుడు ఈ కీలును చూచి, దానిని దాటిపోయెను. ఆమె యేల పలుకలేదు, పలుకుటకు నామెకు కావలసినదేమి, ఎవరు ప్రక్కన నిలిచియున్న పలికియుండును అను ప్రశ్నలు అచ్చటనే యాగిపోయినవి. మిగిలిన చిత్రమంతయు ఆమె చేతులకు బలము చేకూర్చుటలో గడచినది. ఆ నోటికి మాట తిరిగి వచ్చుటనుగూర్చి చింత లేదు.

తెలుగువారికి ఈ విషయమున నొక పాతకొలత కలదు. నన్నయగారి ఆదిపర్వమునందలి శకుంతల ప్రేమించి మోసపోయిన స్త్రీయే. కాళిదాసు నాటకములో శాపమును, ఉంగరమును అడ్డుపెట్టి రాజునకు కొంత క్షమ కల్పింపబడినది. భారతకథలో నట్టి సాకు లేదు. దుష్యంతునకు అంతయు తెలియును. తెలిసియే యెఱుగనని పలుకును. అపుడు శకుంతల యేమి చేసెను? బిడ్డ చేయి పట్టుకొని నిండుసభలో నిలిచి, రాజు మొగము చూచి వాదించెను. సత్యమునకు మించిన ధర్మము లేదని చెప్పి, తెలిసి తెలిసి బొంకుట తగదని హెచ్చరించెను. ఆమెకు సాక్షులు లేరు, వకీలు లేడు, చేత నాయుధము లేదు. ఉన్నది మాట. పండితులును పామరులును తరతరములుగా నామెను తలచుకొనునది ఆ మాటకొఱకే. ఆ శకుంతల ప్రక్కన సారికను నిలిపి చూచిన, మన కాలపు నాయిక చదువుకొనినది, సంపాదించుకొనుచున్నది, నగరమున ఒంటరిగా నిలువగలిగినది. ఐనను సభలో మూగవోయినది. ఈ వెనుకపాటునకు కారణము నరయుట సంఘసంస్కరణము కోరువారి పని.

మన శాసనము ఆమెను నిస్సహాయురాలినిగా విడిచిపెట్టలేదు. పోలీసు అధికారి యెదుట చేసిన నేరాంగీకారమును నిందితునిపై సాక్ష్యముగా చూపరాదని 1872నాటి సాక్ష్యశాసనము 25వ సెక్షనులో విధించెను. 2024 జూలై 1న దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 23వ సెక్షనులో అదియే చెప్పుచున్నది. న్యాయమూర్తి యెదుట ఒప్పుకొనినను అంతమాత్రముచే శిక్షించితీరవలెనను నిర్బంధము లేదు. అది అతని విచక్షణకు విడువబడినది. ఉచిత న్యాయసహాయము రాజ్యముయొక్క ధర్మమని 1976లో రాజ్యాంగమున 39-ఎ అధికరణము చేర్పబడెను. 1987నాటి న్యాయసేవాధికార సంస్థల శాసనము 1995 నవంబరు 9న అమలులోనికి వచ్చెను. దాని 12వ సెక్షను ప్రకారము స్త్రీకి, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఉచితముగా వకీలును పొందు అర్హత కలదు. చిత్రము వచ్చిన 2004నాటికి ఇవన్నియు నున్నవి. ప్రియుడు పంపిన వకీలును కాదని వేఱొకనిని కోరుటకు సారికకు దారి యుండెను. ఆ దారి యున్నదని యామెకు చెప్పువారు లేకపోయిరి. మన బాలికలకు పాఠశాలలో నక్షత్రముల దూరములు నేర్పుదుము. అరెస్టయినవారికి గల హక్కులేమియో ఒక్కపుట చెప్పము.

ఇక నుత్తరార్ధము. చెరసాలలో సారికను తోటి ఖైదీలు హింసింతురు. ఎలుకలను చూచి యామె కేకలు వేయును. అచ్చట పలుకుబడి గల ప్రమీల యను ఖైదీ యామెను చేరదీసి గట్టిపరచును. క్రమముగా భయము పోవును. దానితోపాటు ఆమె ముఖమునందలి మునుపటి కాంతియు పోవును. తప్పించుకొనిన పిదప ఆమె నడక వేఱు, చూపు వేఱు. ఈ మార్పును దర్శకుడు ఉత్కంఠ సడలకుండ నడిపించెనని యొప్పుకొనవలెను. కాని యిచ్చట నొక చిత్రమైన సంగతి కలదు. సారిక నేర్చుకొనిన విద్య యేది? నమ్మించుట, దాచుట, వల పన్నుట, ఒకనిపై మఱొకనికి అనుమానము పుట్టించుట. ఇది కరణ్ విద్యయే. ఆమె యతనిని గెలిచినది అతనివలె మారియే. అనగా చిత్రము మెచ్చుకొనిన బలము మునుపు పురుషుని చేతనున్న దుర్మార్గము. చేయి మాత్రము మారినది. ఎలుకలగుహలో అతడు పెట్టు కేకలను వినుటకు సభ లేదు. అతడు చేసిన ద్రోహమేమియో లోకమునకు తెలియజెప్పు తీర్పు లేదు. ప్రేక్షకునికి తృప్తి కలుగును గాని సారికకు పడిన మచ్చ తుడిచివేయబడినట్లు చిత్రము చూపలేదు.

న్యాయము దొరకని లోకములో స్త్రీ స్వయముగా శిక్షించుట తప్పా యని పాఠకులడుగుదురు. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. 1985లో టి. కృష్ణ దర్శకత్వమున రామోజీరావు నిర్మించిన "ప్రతిఘటన" ఈ ప్రశ్ననే తెలుగువారి ముందుంచెను. అందు విజయశాంతి ధరించిన ఝాన్సీ కళాశాలలో నధ్యాపకురాలు. కన్నులారా చూచిన హత్యనుగూర్చి సాక్ష్యము పలుకుటకు పూనుకొనినందుకే కాళి యను రౌడీ యామెను నడివీధిలో వివస్త్రను గావించును. భర్త భయపడి వెనుకకు తగ్గును, చూచినవారు నోరెత్తరు. కడకు నామె గొడ్డలి పట్టును. ఎన్. చంద్ర 1987లో దీనినే "ప్రతిఘాత్" అను పేర సుజాతా మెహతాతో హిందీలో తీసెను. కాళిగా రెండింటను చరణ్‌రాజే నటించెను. ఝాన్సీ గొడ్డలిని నేను సమర్థింపజాలను. కాని యామెకును సారికకును నడుమ గల భేదమును మఱువరాదు. ఝాన్సీ ముందు పలికినది. పలికినందుకు పడరాని పాట్లు పడినది. తరగతిలో తన్ను పరిహసించిన విద్యార్థులతో గూడ నామె మాటలాడినది. ఆమె చివరకు గొడ్డలి యెత్తినపుడు, ఇంతమంది విన్నను ఎవరును కదలలేదే యని సిగ్గుపడవలసినవాడు ప్రేక్షకుడే. సారిక కథలో ప్రేక్షకునికి సిగ్గుపడు పని లేదు. అతడు హాయిగా కూర్చుండి చూడవచ్చును.

ఈ హాయి మంథనిలో నాకు కుదురదు. నేరకథ యిచ్చటివారికి తెరమీది వినోదము మాత్రమే కాదు. 2021 ఫిబ్రవరి 17న మంథని న్యాయస్థానమునకు పనిమీద వచ్చి తిరిగి హైదరాబాదునకు పోవుచున్న న్యాయవాద దంపతులు కల్వచర్లయొద్ద పట్టపగలు నడిరోడ్డుపై హతులైరి. వారిలో భార్యయు న్యాయవాదియే. ఇతరుల పక్షమున సభలో పలుకుట వృత్తిగా గలది. దారిన పోవుచున్న వాహనములు ఆగినవి, చూచినవారు కలరు, సెల్‌ఫోనులలో చిత్రించినవారు కలరు. ఆ చిత్రములు దేశమంతట తిరిగినవి. ఆ దినమునుండి ఈ ప్రాంతమున సాక్షి యనగా నెవరు, మాటకు వెల యెంత యను ప్రశ్న పుస్తకములలోని ప్రశ్నగా మిగులలేదు. పలికినవారికి రక్షణ లేనిచోట "పలుకుము" అని స్త్రీకి బోధించుట సులభము కాదని నాకు తెలియును. ఐనను దానికి మందు గుహ కాదు. పలుకువారికి చుట్టును నిలుచువారు పెరుగుటయే మందు.

ఈ గడ్డతో సంబంధముగల యొక కథ నా మాటకు తోడు రాగలదు. 1957 మొదలు 1977 వఱకు మంథని నియోజకవర్గమునకు శాసనసభలో ప్రతినిధిగా నుండిన పి.వి. నరసింహారావు, అంతకుముందే, 1949లో, "విజయ" యను మాఱుపేర కాకతీయ పత్రికలో "గొల్ల రామవ్వ" యను కథ వ్రాసిరి. నిజాము కాలపు అల్లకల్లోలములో, పోలీసులు వెదకుచున్న యొక యువకుడు రాత్రివేళ ఒక ముసలి గొల్లస్త్రీ గుడిసెలో దూరును. ఆమె చదువెఱుగదు, శాసనమెఱుగదు. తలుపు తట్టిన పోలీసుల యెదుట ఆమె చూపినది సమయస్ఫూర్తి. ఆ యువకుని తన యింటివానినిగా నమ్మించి కాపాడినది. నేరము, పోలీసులు, ప్రాణభయము అన్నియు నా చిన్నకథలో కలవు. కాని రామవ్వ బలము కత్తిలో లేదు. అది ధైర్యముగా నాడిన మాటలో, ఎదుటివానియందలి కనికరములో నున్నది. అట్టి స్త్రీలను మన పల్లెలలో నేటికిని చూచుచున్నాము. వారి బలమును తెరపై నిలుపుటకు మన చిత్రకారులకు మనసెందులకు పోదో తెలియదు.

కడపటగా, ఇట్టి చిత్రములను చూచి పెద్దలు తీయు నీతినిగూర్చి యొకమాట. నేడు మన ప్రాంతపు బాలికలు చదువునకును ఉద్యోగమునకును కరీంనగరు, హైదరాబాదు మొదలగు పట్టణములకు పోయి ఒంటరిగా నిలువ నేర్చుచున్నారు. సారిక కథ వినిన తండ్రి "చూచితివా, ఒంటరిగా పంపినందుకు ఫలము" అనును. ఇది తలక్రిందులైన నీతి. సారికను చెఱచినది యామె స్వాతంత్ర్యము కాదు. ఆపదలో తన్ను మోసగించినవాడు తప్ప వేఱొక దిక్కు లేకపోవుట. ఆ వేళ నిందింపక వినగల తల్లియో తండ్రియో స్నేహితురాలో ఉన్నయెడల, ఆమె కరణ్ పంపిన వకీలు చేతిలో పడియుండదు. ఏమగునో యను భయముచే కూతురు ఇంటికి చెప్పుకొనలేని ప్రతి రహస్యమును వంచకునికి పెట్టుబడి యగును. ఇంటి తలుపు మూసినకొలది ఆ పెట్టుబడి పెరుగును. కనుక ఈ చిత్రమును కూతురితో కలిసి చూచిన తండ్రి, బయటికి పోవలదని గాక, "ఏమి జరిగినను మొదట మాకు చెప్పుము, నిన్ను తిట్టము" అని చెప్పగలిగెనా, ఆ రెండుగంటలును సార్థకములైనట్లే.

"ఏక్ హసీనా థీ" చూడదగిన చిత్రము. దాని పూర్వార్ధమును చదువుకొనిన ప్రతి యువతియు చూడవలెను; వంచన యెంత మెత్తగా నడచివచ్చునో అది చెప్పును. ఉత్తరార్ధమును చూచునపుడు మాత్రము మనస్సులో నొక ప్రశ్న నుంచుకొనవలెను: ఈమె యా దినమున న్యాయస్థానములో పెదవి విప్పియుండినచో ఈ కథ యెట్లు నడచియుండును? ఆ కథను తీయువారు ఇంకను రాలేదు. వచ్చునపుడు నాయిక చేత తుపాకి లేకపోయినను ప్రేక్షకులు ఊపిరి బిగబట్టి చూతురని నా నమ్మకము. శకుంతల సభకు వచ్చిన ఘట్టమును వినునపుడు మన పెద్దలు అట్లే వినిరి గదా.